సంఘం ఫైళ్ళ తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి?



పాల సంఘంలో రెండు పూటలా పాలు వస్తాయి, బండి ఎక్కి పోతాయి. సంఘంలో మిగిలేది లెక్క. ఎవరు ఎన్ని పాలు పోశారు, వెన్న ఎంత వచ్చింది, పదిహేను రోజుల బిల్లు ఎంత, దాణా బాకీ ఎంత, వాటాధనం ఎంత అన్న సంగతులన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి. ఆ లెక్క మీద నమ్మకం ఉన్నందువల్లనే మన అక్కచెల్లెళ్ళు తెల్లవారకముందే లేచి, బర్రె పాలు పిండి, గిన్నె పట్టుకొని పాలకేంద్రానికి వస్తున్నారు.

ఇదివరకు ఈ లెక్కలు రిజిష్టర్లలో ఉండేవి. పాల కొనుగోలు రిజిష్టరు, పరీక్ష రిజిష్టరు, క్యాష్ బుక్కు, దాణా స్టాకు రిజిష్టరు, వాటాల రిజిష్టరు, తీర్మానాల పుస్తకం అన్నీ సంఘం బీరువాలో పెట్టేవారు. బీరువా తాళం చెవి ఎవరి దగ్గర ఉన్నదో పదిమందికీ తెలుసు. కార్యదర్శి మారితే పాత కార్యదర్శి రిజిష్టర్లను లెక్కపెట్టి అప్పగించేవాడు. కొత్త కార్యదర్శి సంతకం పెట్టి తీసుకొనేవాడు.

ఇప్పుడు అనేక సంఘాలలో పాలు తూచే యంత్రాన్ని, వెన్న పరీక్షించే యంత్రాన్ని కంప్యూటరుకు కలిపి ఉంచారు. చీటీ యంత్రమే అచ్చు వేసి ఇస్తున్నది. సభ్యుల జాబితాలు, ధరల పట్టికలు, బ్యాంకుకు పంపే చెల్లింపు పట్టికలు, తీర్మానాల నకళ్ళు సెల్‌ఫోన్లలోకి, కంప్యూటర్లలోకి చేరాయి. మన పక్కనే ఉన్న వ్యవసాయ పరపతి సంఘాలను చూసినా ఇదే మార్పు. దేశంలో 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాల లెక్కలను కంప్యూటర్లకు ఎక్కించడానికి 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. కాబట్టి ఈ మార్పు వెనక్కు పోయేది కాదు.

అయితే ఈ కొత్త బీరువా తాళం చెవి ఎవరి దగ్గర ఉన్నదని అడిగితే వెంటనే జవాబు చెప్పగల సంఘాలు ఎన్ని? ఆ జవాబును ప్రతి సంఘమూ తన తీర్మానాల పుస్తకంలో రాసుకోవాలని, అందుకు ఫైళ్ళను ఎలా సర్దుకోవాలో తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

చిక్కు ఎక్కడ వస్తుంది?

ఒక ఊరి సంఘాన్ని ఊహించుకుందాం. 180 మంది సభ్యులు ఉన్నారు. ధరల పట్టిక కార్యదర్శి సొంత ఫోనులో ఉన్నది. సభ్యుల బ్యాంకు ఖాతాల జాబితా లెక్కలు రాసే యువకుని సొంత ఈమెయిలు ఖాతాలో ఉన్నది. నిరుటి తీర్మానాల ఫోటోలు వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. సంఘం కంప్యూటరులో దాణా లెక్క మూడు ఫైళ్ళుగా ఉన్నది: ఒకటి ‘దాణా’, రెండవది ‘దాణా కొత్తది’, మూడవది ‘దాణా అసలుది’. వీటిలో నిజంగా అసలుది ఏదో రాసిన మనిషికి తప్ప మరొకరికి తెలియదు.

రోజులు సాఫీగా గడుస్తున్నంత కాలం ఇందులో లోపం కనిపించదు. లెక్కలు రాసే ఆ యువకునికి వీసా వచ్చి దుబాయి పోయాడనుకోండి. అప్పుడు పదిహేను రోజుల బిల్లు ఆగిపోతుంది. అతడు ఫోను ఎత్తితే సరే, ఎత్తకపోతే 180 ఇళ్ళలో కిరాణా బాకీ తీరదు, పిల్లల ఫీజు కట్టలేరు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. సంఘం కాగితాన్ని ఒక మనిషి సొంత సంచిలో పెట్టినందువల్ల వచ్చిన చిక్కు ఇది.

ఫైళ్ళకు వచ్చే ప్రమాదాలు మూడు రకాలు. మొదటిది, ఫైలు పోవడం. రెండవది, ఎవరు మార్చారో తెలియకుండా అంకె మారిపోవడం. మూడవది, నలుగురి సొంత వివరాలు ఊరి మీద పడటం. ఫైళ్ళను సర్దడం అంటే ఈ మూడింటికీ అడ్డుకట్ట వేయడమే.

ఫైలు ఎవరి పేరున ఉన్నది?

ముందుగా ఒక భేదం గ్రహించాలి. ఫైలును చూడగలగడం వేరు, ఆ ఫైలుకు యజమాని కావడం వేరు. ఇంటర్నెట్ మీద ఫైళ్ళు దాచుకొనే గూగుల్ డ్రైవ్ వంటి ఏర్పాట్లలో, ఎవరి ఖాతాలో ఫైలు తయారైతే వారే దానికి యజమాని. యజమాని ఆ ఫైలును పదిమందికి చూపవచ్చు, రాయడానికి కూడా అనుమతి ఇవ్వవచ్చు. కాని ఆయన దానిని తీసివేస్తే, లేదా ఆయన ఖాతాయే రద్దయితే, పదిమందికీ అది కనిపించకుండా పోతుంది. పొలం ఒకరిది, దారి మాత్రం అందరికీ ఇచ్చినట్లు ఉంటుంది ఇది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. రెండు సంవత్సరాల పాటు ఎవరూ వాడని సొంత ఖాతాను, అందులోని ఫైళ్ళతో సహా తొలగించే నియమాన్ని గూగుల్ సంస్థ 2023 డిసెంబరు నుండి అమలు చేస్తున్నది. కాలం చేసిన కార్యదర్శి ఖాతాలో సంఘం పాత లెక్కలు ఉంటే, ఆ ఖాతాను ఎవరూ తెరవకపోతే, ఒకనాటికి అవి మాయం కావచ్చు. బీరువాలో చెదలు పట్టినా సగం కాగితాలు మిగులుతాయి. ఇక్కడ ఒక్క పేజీ కూడా మిగలదు.

అందువల్ల మొదట చేయవలసిన పని, సంఘం పేరున ఒక ఖాతా తెరవడం. దానికి ఇచ్చే ఫోను నంబరు సంఘం కొన్న సిమ్ కార్డుది కావాలి. కార్యదర్శి సొంత నంబరు గాని, ఆయన కుమారుని నంబరు గాని ఇవ్వరాదు. పాస్‌వర్డు మరచిపోయినప్పుడు దానిని తిరిగి తెప్పించే సందేశం ఆ నంబరుకే వస్తుంది. నంబరు ఎవరి చేతిలో ఉంటే ఖాతా వారి చేతిలో ఉన్నట్లే. పాస్‌వర్డును కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, అంటించిన చోట అధ్యక్షుడు, కార్యదర్శి ఇద్దరూ సంతకాలు చేసి సంఘం బీరువాలో పెట్టాలి. కవరు ఎప్పుడు తెరిచినా తీర్మానాల పుస్తకంలో కారణం రాయాలి.

సంఘం ఖాతా తెరిచాము కదా అని దాని పాస్‌వర్డును అందరికీ చెప్పరాదు. ఒకే పాస్‌వర్డుతో ఐదుగురు పనిచేస్తే, ఏ అంకె ఎవరు మార్చారో కంప్యూటరు చెప్పలేదు. అందరి పనీ సంఘం పేరు మీదనే నమోదవుతుంది. సరైన పద్ధతి ఇది: ఫైళ్ళన్నిటికీ సంఘం ఖాతా యజమానిగా ఉంటుంది, పనిచేసేవారు ఎవరి ఖాతాతో వారు లోపలికి వస్తారు, వారికి ఏ మేరకు అనుమతి కావాలో సంఘం ఖాతా నుండి ఇస్తారు. మనిషి మారితే ఆ అనుమతి తీసివేస్తే చాలు. ఫైలు ఉన్న చోటనే ఉంటుంది.

ఉచిత ఖాతాలో 15 జి.బి. చోటు ఉంటుంది. ఒక గ్రామ సంఘం లెక్కల పట్టికలకు అది చాలు. వీడియోలు, పండుగ ఫోటోలు అందులో పడవేయకుండా ఉంటే సరిపోతుంది. యూనియన్ స్థాయిలో రుసుము కట్టి తీసుకొనే ఖాతాలలో ఉమ్మడి డ్రైవ్ అనే ఏర్పాటు ఉన్నది. అందులో పెట్టిన ఫైలుకు ఏ ఉద్యోగీ యజమాని కాడు, సంస్థయే యజమాని. ఉద్యోగి వెళ్ళిపోయినా ఫైలు కదలదు.

ఏ అరలో ఏ కాగితం?

రెండవ పని, అరలు ఏర్పరచడం. కంప్యూటరు ఫోల్డరును బీరువాలోని అర అనుకోండి. చాలాచోట్ల అరలకు మనుషుల పేర్లు పెడతారు: ఫలానా వారి ఫైళ్ళు, పాత సెక్రటరీ ఫైళ్ళు. మనిషి మారితే ఆ పేరుకు అర్థం ఉండదు. అరకు పని పేరు పెట్టాలి. ఒక గ్రామ సంఘానికి ఈ ఏడు అరలు సరిపోతాయని మా అభిప్రాయం.

1. నమోదు పత్రం, బైలాలు, లైసెన్సులు
2. సభ్యత్వం, వాటాలు
3. పాల సేకరణ, పరీక్ష, ధరల పట్టికలు
4. చెల్లింపులు, బ్యాంకు
5. దాణా, పశువైద్యం, కృత్రిమ గర్భధారణ
6. సమావేశాలు, తీర్మానాలు
7. ఆడిటు

ప్రతి అరలోనూ ఆర్థిక సంవత్సరం వారీగా, అంటే ఏప్రిల్ నుండి మార్చి వరకు, ఒక్కొక్క చిన్న అర ఉండాలి. సంవత్సరం ముగిసి ఆడిటు అయిన తరువాత ఆ చిన్న అరలో ఎవరూ రాయకుండా, చూడటానికి మాత్రమే వీలుగా మార్చివేయాలి.

ఫైలు పేరు ఎవరు చూసినా తెలిసేలా ఉండాలి. ముందు సంవత్సరం, తరువాత నెల, ఆ తరువాత విషయం రాయాలి. ఉదాహరణకు ‘2025-07 పాల బిల్లు మొదటి పక్షం’ అని రాస్తే కంప్యూటరు తనంతట తానే నెలల వరుసలో పేర్చి చూపుతుంది. ‘కొత్తది’, ‘అసలుది’, ‘ఫైనల్’ అన్న మాటలు ఫైలు పేరులో ఉండరాదు. రేపు ఇంకొక కొత్తది వస్తుంది, అప్పుడు ఇది ఏమవుతుంది?

ఊరి పేరు, జిల్లా పేరు మీద ఆధారపడి ఫైళ్ళు సర్దేవారు ఒక విషయం గమనించాలి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్విభజన జరిగింది. పాత ఆదిలాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ అని నాలుగు జిల్లాలయింది. పాత కరీంనగర్ నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. హుస్నాబాద్ ప్రాంతం సిద్దిపేటలో కలిసింది. సహకార రంగంలో అందరూ ఎరిగిన ముల్కనూరునే తీసుకోండి. 1956లో అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు వెలసినప్పుడూ, తరువాత మహిళల పాడి సహకార యూనియన్ ప్రారంభమైనప్పుడూ అది కరీంనగర్ జిల్లాలో ఉన్నది. 2016లో వరంగల్ అర్బన్ జిల్లాలోకి వచ్చింది. 2021లో ఆ జిల్లా పేరు హనుమకొండ అయింది. ఊరు కదలలేదు, సంఘం కదలలేదు, కాగితం మీద జిల్లా పేరు మాత్రం రెండు సార్లు మారింది.

జిల్లా పేరుతో అరలు పెట్టుకొన్నవారు ఇటువంటప్పుడు ప్రతి ఫైలునూ మళ్ళీ వెతకవలసి వస్తుంది. సంఘం కోడు నంబరుతో, సభ్యత్వ నంబరుతో పెట్టుకొన్నవారికి ఆ ఇబ్బంది లేదు. మన ఊళ్ళలో ఒకే పేరు గల సభ్యులు ఇద్దరు ముగ్గురు ఉండటం మామూలే. పేరు చూసి డబ్బు వేస్తే ఒకరి సొమ్ము మరొకరి ఖాతాలో పడుతుంది. నంబరు ముందు, పేరు తరువాత అన్న పద్ధతి అన్ని పట్టికలలోనూ ఉండాలి. పశువుల విషయంలోనూ అంతే. చెవి పోగు మీద ఉన్న 12 అంకెల నంబరే ఆ పశువుకు గుర్తు. ‘నల్ల బర్రె’ అని రాస్తే ఊరిలో సగం బర్రెలు అవే.

ఎవరికి ఏ తాళం?

మూడవ పని ముఖ్యమైనది, ఎవరికి ఏ మేరకు అనుమతి ఇవ్వాలన్నది. సాధారణంగా అనుమతులు మూడు మెట్లుగా ఉంటాయి. మొదటి మెట్టు, చూడటం మాత్రమే. రెండవ మెట్టు, చూసి పక్కన వ్యాఖ్య రాయడం. మూడవ మెట్టు, ఫైలులోనే రాయడం, మార్చడం. వీటన్నిటికీ పైన యజమాని ఉంటాడు.

ఎవరికి ఎంత ఇవ్వాలి? పనికి కావలసినంత ఇవ్వాలి, అంతకు మించి ఇవ్వరాదు. కంప్యూటర్ల రక్షణ మీద జెరోమ్ సాల్ట్జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు 1975లో రాసిన వ్యాసంలో ఈ సూత్రాన్ని చెప్పారు. నేటికీ పెద్ద పెద్ద బ్యాంకులు దీనినే పాటిస్తున్నాయి. మన ఇళ్ళలో కూడా ఇది తెలిసినదే. పాలు పిండటానికి వచ్చే మనిషికి కొట్టం తాళం ఇస్తాము, నగల పెట్టె తాళం ఇవ్వము. అది అతని మీద అనుమానంతో చేసేది కాదు, అతని పనికి ఆ తాళం అక్కర లేదు.

ఈ సూత్రం ప్రకారం మన సంఘంలో పంపకం ఇలా ఉండవచ్చు.

టెస్టరు: మూడవ అరలో ఆ పూట పాల లెక్క, పరీక్ష ఫలితం రాస్తాడు. ధరల పట్టికను చూడగలడు, మార్చలేడు. చెల్లింపుల అర అతనికి తెరుచుకోదు.

లెక్కల గుమాస్తా: నాలుగవ అరలో రాస్తాడు. మూడవ అరలోని పాల అంకెలను చూసి బిల్లు కడతాడు, వాటిని మార్చలేడు.

కార్యదర్శి: సభ్యత్వం, దాణా, సమావేశాల అరలలో రాస్తాడు. మిగిలినవి అన్నీ చూస్తాడు.

అధ్యక్షుడు: అన్ని అరలూ చూస్తాడు. సంఘం ఖాతా కవరుకు ఒక సాక్షి. రోజువారీ లెక్కలో చేయి పెట్టడు.

పాలకవర్గ సభ్యులు: లెక్కలు, తీర్మానాలు చూస్తారు. ప్రశ్న ఉంటే పక్కన వ్యాఖ్య రాస్తారు.

యూనియన్ సూపర్‌వైజరు: పాల సేకరణ, దాణా అరలు చూస్తాడు.

ఆడిటరు: ఆడిటు జరిగే రోజులలో అన్నీ చూస్తాడు. పని ముగిసిన రోజున ఆ అనుమతి తీసివేస్తారు.

ఇందులో గుర్తుంచుకోవలసినది ఏమంటే, పాల అంకె రాసే చేయి, డబ్బు చెల్లించే చేయి ఒకటి కారాదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. కిలో వెన్నకు 800 రూపాయల ధర అనుకుందాం. ఒక సభ్యురాలు పూటకు 5 కిలోల పాలు పోస్తుంది, వెన్న 6.5 శాతం వచ్చింది. అంటే 325 గ్రాముల వెన్న, 260 రూపాయలు. ఆ 6.5ను ఎవరైనా 5.6 అని తారుమారుగా కొట్టారనుకోండి. అప్పుడు 280 గ్రాములు, 224 రూపాయలు. పూటకు 36 రూపాయల తేడా. పదిహేను రోజులలో 30 పూటలు ఇదే జరిగితే 1,080 రూపాయలు. ఒక బర్రె ఉన్న ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. తప్పు పొరపాటున జరిగినా, కావాలని జరిగినా సభ్యురాలికి పోయే సొమ్ము ఒక్కటే.

కాబట్టి యంత్రం నుండి నేరుగా కంప్యూటరులోకి వచ్చే అంకెను చేతితో మార్చే అనుమతి ఎవరికి ఉన్నదో ప్రతి సంఘమూ విచారించాలి. కరెంటు పోయినప్పుడు, యంత్రం చెడిపోయినప్పుడు చేతితో కొట్టక తప్పదు. అటువంటి పూటలను ఒక పుస్తకంలో విడిగా రాసి, పాలకవర్గ సభ్యుడు ఒకరు సంతకం చేయాలి. గూగుల్ పట్టికల వంటి వాటిలో మార్పుల చరిత్ర అనే సదుపాయం ఉన్నది. ఏ రోజున, ఎవరు, ఏ మార్పు చేశారో అది చూపుతుంది. వారానికి ఒకసారి దానిని తెరిచి చూసే పని ఒక పాలకవర్గ సభ్యునికి అప్పగించాలి.

చిన్న సంఘాలలో టెస్టరు, గుమాస్తా, కార్యదర్శి అన్నీ ఒకే మనిషి కావచ్చు. ఉట్నూరు, తిర్యాణి వైపు ఊళ్ళలో 30, 40 మంది సభ్యుల సంఘం ఇద్దరికి జీతం ఇవ్వలేదు. అక్కడ చేతులు వేరు చేయడం కుదరదు కనుక కళ్ళు వేరు చేయాలి. రాసేది ఒకరైనా, వారానికి ఒకసారి నలుగురు సభ్యుల చీటీలు తీసుకొని కంప్యూటరు లెక్కతో సరిచూసేవారు మరొకరు కావాలి.

మరొక జాగ్రత్త. పెద్ద అరకు అనుమతి ఇస్తే అందులోని చిన్న అరలన్నీ వాటంతట అవే తెరుచుకొంటాయి. తొందరలో మొత్తం బీరువాకే అనుమతి ఇచ్చి, ఒక్క ఫైలే ఇచ్చాము అనుకొనేవారు ఉన్నారు. ఇంకొందరు ‘లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అన్న మీట నొక్కి ఆ లింకును వాట్సాప్‌లో పంపుతారు. ఆ లింకు ఎవరి చేతికి పోతే వారు ఆ ఫైలు చూస్తారు. సభ్యుల జాబితాలకు ఈ మీట ఎన్నడూ వాడరాదు. అనుమతి మనిషి పేరున ఇవ్వాలి. అలాగే, రాయడానికి అనుమతి పొందినవారు తమంతట తాము మరొకరికి అనుమతి ఇచ్చే వీలు కూడా మామూలుగా ఉంటుంది. యజమాని ఖాతా నుండి ఆ వీలును తీసివేయాలి.

ఏది తెరిచి ఉంచాలి? ఏది మూసి ఉంచాలి?

తాళాలు వేయడమంటే సభ్యుల నుండి దాచడం కాదా అని కొందరు అడుగవచ్చు. ఇది సరైన ప్రశ్న. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో నేతపనివారు, ఇతర పనివారు కలిసి సహకార దుకాణం పెట్టినప్పటి నుండి, లెక్కలు సభ్యుల ముందు పెట్టడం సహకార ధర్మంగా వస్తున్నది. మన సంఘం 1964 నాటి సహకార చట్టం కింద ఉన్నా, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఉన్నా, సంఘం సభ్యులదే.

అందుచేత సంఘం సొమ్ముకు సంబంధించినది తెరిచి ఉంచాలి. ధరల పట్టిక, సంఘం ఆదాయ వ్యయాలు, స్థానిక అమ్మకాల లెక్క, దాణా కొనుగోలు ధర, బోనసు లెక్క, తీర్మానాలు, ఆడిటు నివేదిక ఏ సభ్యుడు అడిగినా చూపాలి. ప్రతి సభ్యుడూ తన సొంత పాల లెక్కను ఎప్పుడైనా చూసుకొనే వీలుండాలి. ఇవి దాచే సంఘంలో తాళం దుర్వినియోగమైనట్లే.

మనిషి సొంత విషయానికి సంబంధించినది మాత్రం మూసి ఉంచాలి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఫోను నంబరు, ఎవరి దాణా బాకీ ఎంత అన్నవి ఈ కోవలోకి వస్తాయి. ఒక అక్క తన బాకీని ఊరందరూ చదవాలని సంఘంలో చేరలేదు. ఇటువంటి జాబితాలు మోసగాళ్ళ చేతిలో పడితే బ్యాంకు పేరు చెప్పి ఫోను చేసి డబ్బు లాగుతున్నారు. ఎవరు ఫోను చేసి ఓ.టి.పి. అడిగినా చెప్పవద్దని సభ్యులకు మనవి. మన జాబితా మన దగ్గర భద్రంగా ఉంటే అటువంటి ఫోను వచ్చే అవకాశమే తగ్గుతుంది.

ఇది మంచి నడవడి విషయం మాత్రమే అనుకోరాదు. కంప్యూటరులో దాచిన వ్యక్తిగత వివరాల రక్షణకు పార్లమెంటు 2023లో ఒక చట్టం చేసింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వివరాలు తీసుకొన్న సంస్థ వాటిని జాగ్రత్తగా కాపాడాలన్నది ఆ చట్టం సారాంశం. ఆధార్ నకలు తీసుకొనేటప్పుడు చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ సరిపోతుందేమో చూడాలి. అవసరం తీరిన నకళ్ళను ఫోన్లలో ఉంచుకోరాదు. వాట్సాప్ గ్రూపులో సమావేశం తేదీ పెట్టవచ్చు, దాణా వచ్చిన కబురు పెట్టవచ్చు. ఖాతా నంబర్ల జాబితా పెట్టరాదు. ఒకసారి పదిమంది ఫోన్లలోకి పోయిన నకలును వెనక్కు పిలిపించడం ఎవరి తరమూ కాదు.

సర్దే పద్ధతి

ఇవన్నీ ఒక్క రోజులో చేయబోయి ఉన్న లెక్క పోగొట్టుకోరాదు. ఈ వరుసలో చేయండి.

1. పాలకవర్గంలో తీర్మానం చేయండి. సంఘం ఫైళ్ళన్నీ సంఘం ఖాతాలో ఉండాలని, ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలో పట్టికగా అందులోనే రాయండి.

2. ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో జాబితా రాయండి. కార్యదర్శి ఫోను, గుమాస్తా ఈమెయిలు, పెన్ డ్రైవులు, పాత కంప్యూటరు అన్నీ వెతకండి. ఇది కాగితం మీద రాయడమే మేలు.

3. సర్దకముందు మొత్తం ఫైళ్ళ నకలు ఒకటి వేరే హార్డ్ డిస్కులో తీసి బీరువాలో పెట్టండి. ఈ నకలు తీయకుండా ఒక్క ఫైలును కూడా కదపవద్దు.

4. పదిహేను రోజుల బిల్లు చెల్లించిన మరునాడు పని మొదలుపెట్టండి. బిల్లు కట్టే రోజులలో ఫైళ్ళు కదిపితే చెల్లింపు ఆగుతుంది.

5. ఒక్కొక్క అరగా మార్చండి. మొదట తీర్మానాలు, చివర చెల్లింపులు. ఒకే లెక్కకు రెండు మూడు ఫైళ్ళు ఉంటే, క్యాష్ బుక్కుతో సరిచూసి సరియైనది ఏదో నిర్ణయించండి. మిగిలినవి ‘పాతవి’ అన్న అరలో వేయండి, తొలగించవద్దు.

6. అనుమతులు ఇచ్చిన తరువాత పరీక్షించండి. టెస్టరు ఫోనులో చెల్లింపుల అర తెరవడానికి ప్రయత్నించండి. తెరుచుకొంటే ఎక్కడో పొరపాటు ఉన్నది.

7. ఒక సంవత్సరం గడిచి, ఆడిటు ముగిసిన తరువాతనే ‘పాతవి’ అరను ఏమి చేయాలో పాలకవర్గం ఆలోచించాలి.

గూగుల్ డ్రైవ్‌లో పొరపాటున తొలగించిన ఫైలు చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది. ఆ లోపల తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ తరువాత అదీ పోతుంది. అందువల్ల నెలకు ఒకసారి హార్డ్ డిస్కులో నకలు తీయడం అలవాటు చేసుకోవాలి. సిగ్నల్ అందని అడవి మండలాల సంఘాలకు ఈ నకలే ఆధారం. వారు లెక్కను సంఘం కంప్యూటరులోనే ఉంచుకొని, సిగ్నల్ ఉన్న చోటికి వచ్చినప్పుడు సంఘం ఖాతాలోకి ఎక్కించవచ్చు. తీర్మానాల పుస్తకం మాత్రం కాగితం మీద, సంతకాలతో ఎప్పటివలెనే కొనసాగాలి. కంప్యూటరులో ఉండేది దాని నకలు.

మనిషి మారినప్పుడు

ఎన్నికలు జరిగినా, ఉద్యోగి మానివేసినా, ఎవరైనా కాలం చేసినా అనుమతుల పట్టికను ఆ రోజే తిరగరాయాలి. పదవి దిగినవారి పేరు తీసివేయడంలో మొహమాటం పనికిరాదు. అది వారికి కూడా మంచిదే. తరువాత ఏదైనా తేడా వస్తే, పాత కార్యదర్శికి కూడా తాళం ఉన్నది కదా అన్న మాట వారి మీద పడకుండా ఉంటుంది. నిజాయితీగా పనిచేసిన మనిషికి ఇంతకంటే కావలసిన రక్షణ ఏమున్నది?

పూర్వం రిజిష్టర్లు అప్పగించినట్లే ఇప్పుడు కూడా అప్పగింత కాగితం ఉండాలి. అందులో ఖాతా, సిమ్ కార్డు, పాస్‌వర్డు కవరు, హార్డ్ డిస్కు, ఏడు అరల వివరాలు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఆ రోజునే పాస్‌వర్డు మార్చి కొత్త కవరు తయారుచేయాలి. మనుషులు మారకపోయినా మూడు నెలలకు ఒకసారి అనుమతుల పట్టికను పాలకవర్గ సమావేశంలో పైకి చదవాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో సభ్యులు ఈ ఐదు ప్రశ్నలు అడగాలని కోరుతున్నాము. సంఘం ఫైళ్ళు ఎవరి పేరున ఉన్న ఖాతాలో ఉన్నాయి? ఆ ఖాతా ఫోను నంబరు ఎవరిది? పాల అంకెను మార్చగలవారు ఎవరెవరు? నా ఆధార్, నా బ్యాంకు నంబరు ఎవరెవరు చూడగలరు? రేపు కార్యదర్శి రాకపోతే ఎల్లుండి బిల్లు ఎవరు కడతారు?

ఈ ఐదింటికి పాలకవర్గం తడబడకుండా జవాబు చెబితే ఆ సంఘం ఫైళ్ళు సరిగా ఉన్నట్లే. జవాబు రాకపోతే ఎవరినీ నిందించవలసిన పని లేదు. ఆ సమావేశంలోనే తీర్మానం రాసి, రాబోయే బిల్లు చెల్లించిన మరునాటి నుండి పని మొదలుపెట్టండి.